వాచీ 310 కేలరీలు అంటోంది, అవి తినేయొచ్చా?

[దృశ్యం: విజయనగరం, పెద్దచెరువు గట్టు, పొద్దున్న ఆరున్నర]

నమస్కారమండీ. మా వదిన రోజూ ఈ గట్టు మీద గంటసేపు నడుస్తుంది. బరువు 70 కిలోలు. రెండు నెలల్లో ఒక్కరోజు మానలేదు, తగ్గింది మాత్రం అరకిలో. మొన్నొకరోజు నేనూ తోడు వెళ్లాను. నడక అయ్యాక వాచీ చూసుకుంది, 310 కేలరీలు. అక్కణ్ణించి నేరుగా టిఫిన్ బండి దగ్గరికెళ్లి ప్లేటు పునుగులు చెప్పింది. నేను చూస్తుంటే, "గంట నడిచాను కదేటి, ఖర్చయిందే తింతన్నాను" అంది.

నాకు కాదనబుద్ధి కాలేదు. ఎండలో వానలో నడిచిన మనిషి మరి. అందుకే ఇంటికొచ్చి కాగితం మీద లెక్క వేశాం.

[తెర మీద: 70 × 3.5 = 245]

ఊరికే కూర్చున్నా మన ఒంట్లో కిలో బరువుకి గంటకి సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. గంటకి ఐదు కిలోమీటర్ల లోపు వేగంతో నడిస్తే దానికి మూడున్నర రెట్లు. అంటే వదినకి గంటకి 245. అందులో 70 ఇంట్లో కుర్చీలో కూర్చున్నా పోయేవే. నడక వల్ల అదనంగా పోయింది 175. వాచీ చెప్పింది 310.

వాచీ మీద నమ్మకం పెట్టుకున్నవాళ్లు ఈ సంగతి వినాలి. 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు 60 మందికి ఏడు రకాల చేతి వాచీలు పెట్టి పరీక్షించారు. గుండె వేగం చాలావరకు బాగానే చెప్పాయి. కేలరీల దగ్గరికొచ్చేసరికి అన్నిటికంటే మెరుగైన వాచీ కూడా సగటున 27 శాతం తేడా చూపించింది. అన్నిటికంటే అధ్వాన్నమైనది 93 శాతం.

[దృశ్యం: పేపరు ముక్క మీద పునుగులు, దగ్గరగా]

ఇప్పుడు ఈ ప్లేటు చూడండి. నాలుగు పునుగులు తీశాక పేపరు నూనెతో తడిసి, వెనకవైపు అక్షరాలు కూడా ఇటు కనిపిస్తున్నాయి. ఒక పెద్ద చెంచాడు నూనె అంటే సుమారు 120 కేలరీలు. ప్లేటు మొత్తానికి చెంచాన్నర పీల్చుకున్నా 180. గంట నడక అక్కడికక్కడే సరి. పిండి, పల్లీ చట్నీ ఇంకా లెక్కలోకే రాలేదు.

ఇంకో పొరపాటు ఉంది, ఇది చాలామందికి తెలియకుండానే జరుగుతుంది. రోజుకి ఎన్ని కేలరీలు తినాలో చెప్పే యాప్‌లో మొదట అడుగుతారు కదా, మీరు ఎంత వ్యాయామం చేస్తారని. కదలకుండా మన ఒంటికి 1400 కావాలనుకుందాం. వ్యాయామం లేదంటే యాప్ దాన్ని 1.2తో హెచ్చవేస్తుంది, 1680. ఓ మోస్తరుగా చేస్తానంటే 1.55తో, 2170. ఆ తేడా 490 మీ నడకకీ కసరత్తుకీ ముందే ఇచ్చేసింది. మళ్లీ వాచీ చూపించిన 310 తింటే ఒకే నడకకి రెండుసార్లు తిన్నట్టు. వదిన యాప్‌లో సరిగ్గా ఇదే జరిగింది.

కాబట్టి గంటలోపు నడకకి విడిగా ఏమీ కలుపుకోవద్దనే నా మాట. వ్యాయామం లేదని యాప్‌లో పెట్టుకుని, గంటకి మించి గట్టిగా పరిగెత్తేవాళ్లు, బరువులెత్తేవాళ్లు మాత్రం వాచీ అంకెలో సగం వరకు తినండి.

తినకపోతే ప్రమాదమైనవాళ్లూ ఉన్నారు, వాళ్ల గురించి నాకు నిజంగా టెన్షన్. మన జిల్లాల్లో కానిస్టేబుల్ ఈవెంట్లకని తెల్లవారుజామున 1600 మీటర్లు పరిగెత్తే పిల్లలు ఎంతమందో. బరువు తగ్గాలని ఖాళీ కడుపుతో పరిగెత్తి, మధ్యాహ్నం కూడా అన్నం తగ్గించేస్తారు. కళ్లు తిరగడం, నిద్ర పట్టకపోవడం, ఆడపిల్లలకి నెలసరి ఆగిపోవడం, ఇవి ఒంటికి తిండి చాలట్లేదనడానికి గుర్తులు. అలాంటప్పుడు లెక్కలు పక్కనపెట్టి తినాలి, ఆగకపోతే డాక్టరుకి చూపించుకోవాలి. షుగరుకి ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వాడేవాళ్లు నడక మొదలుపెట్టే ముందే డాక్టరుని అడగండి. తిండి తగ్గించి నడక పెంచితే షుగరు బాగా పడిపోవచ్చు. పాలిచ్చే తల్లులు కూడా సొంతంగా కోత పెట్టుకోవద్దు.

మరి ఎంత తినాలో ఎలా తెలుస్తుంది? పొద్దున్నే బాత్రూముకి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే మిషన్ మీద బరువు చూసుకుని రాయండి. ఒక్కరోజు అంకెకి కంగారు పడొద్దు, ముందురోజు ఉప్పు ఎక్కువైనా పెరుగుతుంది. వారం సగటు చూడండి. 70 కిలోల మనిషి వారానికి 700 గ్రాముల కంటే వేగంగా తగ్గుతుంటే కొంచెం పెంచండి. మూడు వారాలు కదలకపోతే కొంచెం తగ్గించండి.

[దృశ్యం: వంటింట్లో అంబలి గిన్నె, పక్కన నోటు పుస్తకం]

వదిన ఇప్పుడు నడిచొచ్చాక మజ్జిగ కలిపిన చోడి అంబలి తాగుతోంది, రెండు ఉడికించిన గుడ్లతో. అది కూడా అదనం కాదు, ఆ రోజు టిఫినే. కేలండరు పక్కన మేకుకి పుస్తకం వేలాడదీసింది. మూడో వారం సగటు 69.1. ఆదివారం మాత్రం ఆ బండి దగ్గరే ఆగుతాం, ఒక ప్లేటు చెప్పి ఇద్దరం పంచుకుంటాం.