మీ రాత మీలాగే ఉండనివ్వండి

అందరికీ నమస్కారం.

ఈ మధ్యే బ్లాగు మొదలుపెట్టినవాళ్లూ, మొదలుపెడదామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లూ ఇక్కడ చాలామంది ఉన్నారు. మీరు నన్ను తరచుగా అడిగే ప్రశ్న, "నాకంటూ ఒక శైలి ఎలా వస్తుంది?" అని. కొందరైతే శైలి కుదిరాకే రాద్దామని ఆగిపోయారు. ముఖ్యంగా వాళ్లకోసమే ఈ మాటలు. శైలి ముందు, రాత తరవాత అనుకోవడం వరస తప్పడమే. రాయగా రాయగా తేలేది శైలి. పైగా అది ఇప్పటికే మీ దగ్గర సగం ఉంది.

సగం ఉంది అని మిమ్మల్ని ఉత్సాహపరచడానికి ఊరికే అనడం లేదు. దీనికి గట్టి ఆధారం ఒకటి చెబుతాను.

1787, 1788 సంవత్సరాల్లో అమెరికా కొత్త రాజ్యాంగాన్ని సమర్థిస్తూ న్యూయార్క్ పత్రికల్లో వరసగా వ్యాసాలు వచ్చాయి. మొత్తం 85. అన్నిటి కిందా ఒకటే సంతకం, పబ్లియస్ అని. నిజానికి రాసినవాళ్లు ముగ్గురు: హామిల్టన్, మాడిసన్, జే. వీటిలో 12 వ్యాసాలు హామిల్టన్ రాశాడా, మాడిసన్ రాశాడా అన్నది చాలాకాలం తేలలేదు. ఇద్దరిదీ ఒకే వాదం, ఒకే కాలపు చదువు, ఒకే రకం గంభీరమైన ధోరణి. సగటు వాక్యం పొడవు చూద్దామంటే అదీ ఇద్దరికీ ఒకటే, సుమారు 35 మాటలు. చివరికి మోస్టెలర్, వాలెస్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు 1964లో ప్రచురించిన పరిశోధనలో దీన్ని తేల్చారు. ఎలా? పెద్ద పెద్ద మాటల్ని పక్కనపెట్టి చిన్న చిన్న మాటల్ని లెక్కపెట్టారు. ఇంగ్లీషులో 'మీద' అనే అర్థమిచ్చే 'అపాన్' అనే మాట హామిల్టన్ వెయ్యి మాటలకు సుమారు మూడుసార్లు వాడతాడు. మాడిసన్ ఎప్పుడో గాని వాడడు. 'అలా ఉండగా' అనడానికి ఒకాయన 'వైల్' అనేచోట ఇంకొకాయన 'వైల్‌స్ట్' అంటాడు. ఇలాంటివన్నీ కలిపి చూస్తే ఆ వ్యాసాలు మాడిసన్‌వేనని తేలింది.

నాకు ఈ సంగతి ఎంత ఇష్టమో చెప్పలేను. వాళ్లిద్దరూ తమ సొంత ముద్ర కనపడకూడదనే ఒకే పేరు వెనక దాక్కున్నారు. అయినా ఆ ముద్ర దాగలేదు. అది అలంకారాల్లో, ఉపమానాల్లో లేదు. తాము వాడుతున్నట్టు తమకే తెలియని అణాకానీ మాటల్లో ఉంది.

మీకూ అలాంటివి ఉన్నాయి. ఒకరు ప్రతి రెండో వాక్యానికీ 'కదా' అంటారు. ఇంకొకరు 'అయితే' అని మొదలుపెట్టందే మాట్లాడలేరు. ఒకరు చెప్పాల్సింది ముందే చెప్పేసి కారణం తరవాత చెబుతారు. ఇంకొకరు కారణాలన్నీ పేర్చి, వినేవాళ్లు ఇక ఉండబట్టలేరనగా అసలు సంగతి చెబుతారు. ఫోన్‌లో మీ స్నేహితురాలికి మీరు పంపే మెసేజ్‌లు పేరు తీసేసి చూపించినా, ఇవి ఫలానా మనిషివే అని ఆమె గుర్తుపట్టేస్తుంది. మీ శైలిలో సగం అదే.

మరి ఆ మనిషి బ్లాగులోకి వచ్చేసరికి ఎక్కడికి పోతున్నట్టు? ఇది కాస్త నిదానంగా చూద్దాం. ఒక కొత్త రచయిత్రి వినికిడి తగ్గిన అమ్మమ్మ గురించి రాయాలనుకుంది అనుకోండి. ఆమె మొదటి పేరా బహుశా ఇలా ఉంటుంది:

"వృద్ధాప్యం మరో బాల్యం అంటారు పెద్దలు. కాలచక్రం గిర్రున తిరిగింది. నేటి ఉరుకుల పరుగుల జీవితంలో పెద్దల బాధను పట్టించుకునే తీరిక ఎవరికుంది? మా అమ్మమ్మ ప్రేమకు మారుపేరు అంటే అతిశయోక్తి కాదు. అలాంటి అమ్మమ్మకు వినికిడి లోపం రావడం నన్నెంతగానో కలచివేసింది."

తప్పు ఒక్కటీ లేదు. భాష శుభ్రంగా ఉంది. కానీ ఇందులో ఆ అమ్మమ్మ లేదు, మనవరాలూ లేదు. ఈ పేరాని ఎవరి అమ్మమ్మకైనా తగిలించొచ్చు. ఇప్పుడు అదే అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, "అసలేం జరుగుతోందమ్మా?" అని అడగండి. ఆమె ఇలా చెబుతుంది:

"వినపడట్లేదని అమ్మమ్మ ఒప్పుకోదు. మనం ఏం చెప్పినా ముందు నవ్వేస్తుంది. నవ్వి, ఆ నవ్వు సరైన చోట నవ్విందో లేదోనని మన మొహం చూస్తుంది. మొన్న నేను మా పక్కింటాయన పోయాడని చెప్పినప్పుడు కూడా నవ్వింది. నా మొహం చూసి ఆపేసింది. ఆ తరవాత ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు."

ఈ రెండో పేరా రాయగలిగింది ఆ మనవరాలు ఒక్కతే. గమనించండి, ఇందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు. పోలిక లేదు. "కలచివేసింది" అని ఆమె అనలేదు, ఆ పని మనకి జరిగింది. మొదటి పేరా రాసేటప్పుడు ఆమె మనసులో వేరే రచయితల వాక్యాలున్నాయి. రెండోది చెప్పేటప్పుడు కళ్లముందు అమ్మమ్మ ఉంది. తేడా అంతా అక్కడే.

శైలి అనగానే మనం భాష వైపు చూస్తాం. నా ఉద్దేశంలో అది సగానికి పైగా చూపుకి సంబంధించింది. ఆ నవ్వు తరవాత అమ్మమ్మ మన మొహం చూస్తుందని పట్టుకున్నది ఆ అమ్మాయి కన్ను. అదే ఇంట్లో ఉన్న తమ్ముడు వేరే సంగతి పట్టుకుని ఉంటాడు, టీవీ సౌండు ఎంత పెంచుతుందో, ఫోన్ మోగినా వినపడక ఎలా కూర్చుంటుందో. ఇద్దరూ నిజాయితీగా రాస్తే రెండు శైలులు పుడతాయి, ఎవరూ శైలి కోసం ప్రయత్నించకుండానే.

అందుకని మీ పాత రాతలు తీసి, ఎవరైనా రాయగలిగిన వాక్యాల కింద గీత గీయండి. "అనడంలో ఎలాంటి సందేహం లేదు." "మనందరికీ తెలిసిందే." "వెలకట్టలేనిది." "మాటల్లో చెప్పలేను." ఇవన్నీ మన చేతికి వాటంగా తగిలే మాటలు. పత్రికల్లో, టీవీలో, సభల్లో విని విని మన నాలుక మీదికి వచ్చేశాయి. గీత గీసిన ప్రతి చోటా "అసలేం జరిగింది?" అని మిమ్మల్ని మీరే అడగండి. కొన్నిచోట్ల జవాబు దొరకదు. అక్కడ ఆ వాక్యాన్ని కొట్టేస్తే సరిపోతుంది.

ఇక్కడ నన్ను తప్పుగా అర్థం చేసుకోకండి. ఇతరుల్ని చదవొద్దని, వాళ్ల ప్రభావం పడకూడదని నేను అనడం లేదు. "నా సొంత శైలి పాడవుతుందని ఎవర్నీ చదవడం లేదు" అనేవాళ్లని చూస్తే నాకు బెంగ కలుగుతుంది. ఇల్లంతా తలుపులు మూసుకుంటే గాలి శుభ్రంగా ఉండదు, ఉక్కపోస్తుంది. ఇష్టమైన రచయితని అనుకరించడం నేర్చుకునేవాళ్లందరూ చేసేదే. దాన్ని తెలిసి చేస్తే చాలా మేలు.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆత్మకథలో ఈ సంగతి వివరంగా ఉంది. ఆయన కుర్రతనంలో, అన్నగారి ప్రెస్సులో పనిచేసే రోజుల్లో, స్పెక్టేటర్ అనే పత్రిక సంపుటం ఒకటి చేతికి దొరికింది. అందులో రాత ఆయనకి తెగ నచ్చింది. ఏం చేశాడంటే, ఒక వ్యాసం తీసుకుని ప్రతి వాక్యంలోని భావాన్ని ఒకటి రెండు మాటల్లో గుర్తుగా రాసుకునేవాడు. కొన్నాళ్లు దాన్ని పక్కన పడేసేవాడు. తరవాత ఆ గుర్తుల్ని బట్టి మొత్తం వ్యాసాన్ని తన మాటల్లో మళ్లీ రాసి, అసలుదానితో పోల్చి చూసుకునేవాడు. ఎక్కడ తేలిపోయాడో దిద్దుకునేవాడు. ఒక్కోసారి ఆ గుర్తుల వరస కలగాపులగం చేసి, కొన్ని వారాల తరవాత మళ్లీ క్రమంలో పెట్టేవాడు, ఆలోచనల్ని పేర్చడం అలవడాలని. చిన్న చిన్న విషయాల్లో అసలు వ్యాసం కన్నా తనదే మెరుగ్గా వచ్చిందని అప్పుడప్పుడూ అనిపించేదట.

కాపీ కొట్టడానికీ దీనికీ తేడా ఆ "కొన్నాళ్లు పక్కన పడెయ్యడం"లో ఉంది. మధ్యలో గ్యాప్ వచ్చేసరికి అవతలివాడి మాటలు మరుపున పడతాయి, భావం మిగులుతుంది. ఆ ఖాళీలోకి మీ మాటలు వస్తాయి. మీరు కూడా మీకు నచ్చిన ఒక్క పేజీతో ఇది చేసి చూడండి. ఎక్కడెక్కడ మీరు ఆ రచయితతో వేరుపడ్డారో అక్కడ ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకోండి. వేరుపడ్డవన్నీ తప్పులు కావు. కొన్ని మీరే.

భాష సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే తెలుగులో రాసేవాళ్లలో ఇంకా ఈ బెరుకు పోలేదు. "నా యాసలో రాస్తే చులకనగా చూస్తారేమో", "ఇంగ్లీషు మాట పడితే తెలుగు రాదనుకుంటారేమో" అని. రాతలో వాడుక భాష ఉండాలని గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) జీవితమంతా పోరాడారు. జనం మాట్లాడే భాషలో వ్యాసం రాస్తే అది పెద్ద తప్పన్న కాలం అది. ఈ రోజు మీరు బ్లాగులో "వెళ్లాను" అని హాయిగా రాస్తున్నారంటే దాని వెనక ఆయనా, ఆయనతో నిలబడ్డవాళ్లూ పడ్డ శ్రమ ఉంది. అంత కష్టపడి తెరిచిన దారిలో మళ్లీ మనమే బిగుసుకుపోయి నడవడం ఎందుకు? మీ ఇంట్లో ఏ మాట అంటారో ఆ మాటే రాయండి. టెన్షన్‌ని టెన్షన్ అనే అనండి. అక్షర దోషాలు మాత్రం దిద్దుకోండి. యాస వేరు, అశ్రద్ధ వేరు.

రాయడం అయ్యాక గట్టిగా చదవండి. మనసులో కాదు, బయటికి వినపడేలా. ఫ్రెంచి రచయిత ఫ్లోబేర్ తన వాక్యాల్ని అరిచినట్టు చదివి పరీక్షించుకునేవాడు. మీరు అరవక్కర్లేదు గాని, ఊపిరి ఎక్కడ అందడం లేదో, నాలుక ఎక్కడ తడబడుతోందో చూసుకోండి. చదువుతూ చదువుతూ మీకు తెలియకుండానే కాగితం మీద ఉన్న మాట బదులు వేరే మాట అనేస్తారు. "ప్రయాణమునకు బయలుదేరితిని" లాంటి వాక్యం ఉన్నచోట నోరు దానంతటదే "బయల్దేరాను" అంటుంది. అలా జరిగిన ప్రతిచోటా నోటిని నమ్మండి.

ఇక చదివేవాళ్ల సంగతి. మొదట్లో ఎవరూ చదవరు. ఇది బాధగానే ఉంటుంది, కాదనను. కానీ మీ గురించి ఎవరికీ ఏ అంచనా లేని రోజులు అవి. ఒక వారం విచారంగా, ఇంకో వారం సరదాగా రాయొచ్చు, ఉత్తరంలా రాయొచ్చు, సంభాషణలా రాయొచ్చు. జనం పెరిగాక మెచ్చుకున్నదాన్నే మళ్లీ మళ్లీ రాయాలనిపిస్తుంది. ఆ స్వేచ్ఛ ఉండగానే వాడుకోండి.

"ఒకసారి శైలి కుదిరితే అదే ఉంచుకోవాలా?" అని కూడా కొందరు అడిగారు. అక్కర్లేదు. మోంటేన్ అనే ఫ్రెంచాయన 1571లో ఉద్యోగం వదిలి ఇంట్లో కూర్చుని, తన గురించీ తన ఆలోచనల గురించీ వ్యాసాలు రాయడం మొదలుపెట్టాడు. 1580లో అచ్చువేశాడు. 1588లో పెంచి మళ్లీ వేశాడు. ఆ తరవాత 1592లో చనిపోయేదాకా ఆ అచ్చు పుస్తకం అంచుల మీదే కొత్త సంగతులు రాస్తూ పోయాడు. చేతిరాతతో నిండిన ఆ ప్రతి ఇప్పటికీ బోర్డో నగర గ్రంథాలయంలో ఉంది. ముందు అన్నదానికి తరవాత అన్నది పొసగకపోయినా ఆయన పాతదాన్ని చాలాచోట్ల అలాగే ఉంచాడు. మొదటి వ్యాసాల్లో ఇతరుల సూక్తులే ఎక్కువ. పోనుపోను ఆయనే ఎక్కువ కనిపిస్తాడు. మీ మొదటి టపాలు ఎవరిలాగానో ఉన్నాయని సిగ్గుపడి తీసెయ్యకండి. ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చారో చూపించేవి అవే.

నేను చెప్పాలనుకున్నది అయిపోయింది. వచ్చేటప్పుడు మీ రాతల్లో ఏదైనా ఒకటి తెమ్మన్నాం కదా. ఇప్పుడు మొదటి పేరా ఒక్కటి గట్టిగా చదవండి. మిగతావాళ్లు ఎక్కడ ఆ మనిషి కనిపించారో అక్కడ చెయ్యెత్తండి. బాగుందనో, బాలేదనో అనక్కర్లేదు, చెయ్యెత్తితే చాలు. ఎవరు మొదలుపెడతారు?