అమ్మ చీరను ఎందుకు నలిపి చూస్తుంది?

(దృశ్యం: చీరల షాపు. తెల్లటి పరుపు మీద పరిచిన చీర. కెమెరా రెండు వేళ్ల దగ్గరికి వెళ్తుంది.)

"ప్యూర్ కాటనమ్మా" అంటున్నాడు షాపులో అబ్బాయి. అమ్మ కొంగును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రెండుసార్లు నలిపింది. "పాలిస్టర్ కలిసింది బాబూ, వేరేది చూపించు."

కంటికి తెలియనిది వేలికి ఎలా తెలిసింది? మీరూ మీ బట్టల అంచు మీద వేలు పెట్టండి. కదపకండి. కుట్టు ఎక్కడుందో తెలుస్తుంది, అంతే. ఇప్పుడు మెల్లగా జరపండి. నేత నునుపో గరుకో అప్పుడు బయటపడుతుంది.

(యానిమేషన్: వేలి చర్మం, లోపలి పొరలు.)

వేలు ఊరికే ఆనించినప్పుడు అంచులు, గుంటలు, ఆకారం చెప్పేవి ముఖ్యంగా మెర్కెల్ కణాలు. దారాల మధ్య సన్నటి తేడా వాటికి అందదు. వేలు కదిలితే మాత్రం వేలిముద్రల గీతలు ఒక్కో దారానికీ తగిలి అదురుతాయి. ఆ అదురును పట్టేవి వేరే ఉన్నాయి. చర్మం పైపొర కిందే మైస్నర్ బుడిపెలు, ఇంకా లోతున పాసీనియన్ బుడిపెలు. ఈ రెండోది నాకు ఎప్పుడు చూసినా ఆశ్చర్యమే! సుమారు ఒక మిల్లీమీటరు పొడవు, ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఉంటుంది. కదలకుండా ఉన్న ఒత్తిడిని ఆ పొరలే మింగేస్తాయి, అదురును మాత్రం లోపలి నరానికి అందిస్తాయి. సెకనుకు 200 నుంచి 300 సార్లు అదిరేదాన్ని ఇది బాగా పసిగడుతుంది.

(యానిమేషన్: నరం కొసన తెరుచుకుంటున్న చిన్న తలుపు.)

అదురు కరెంటుగా మారేది ఇక్కడే. నరం కొసన పీజో2 అనే ప్రోటీన్ తలుపులా ఉంటుంది. నరం పైపొర సాగితే అది తెరుచుకుని అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న కణికలు, లోపలికి వస్తాయి. ఇలాంటి తలుపును కనిపెట్టడానికి శాస్త్రవేత్త ఆర్డెమ్ పటపూటియన్ బృందం కణాలను సన్నటి గాజు గొట్టంతో పొడుస్తూ, అనుమానం ఉన్న 72 జన్యువులను ఒక్కొక్కటిగా ఆపుతూ వెళ్లింది. చివరిదాని దగ్గర కణం ఉలకడం మానేసింది. అది పీజో1. దాని తోబుట్టువే పీజో2. 2010లో ఈ సంగతి బయటికొచ్చింది, 2021లో నోబెల్ వచ్చింది.

అక్కడి నుంచి కబురు సెకనుకు సుమారు 50 మీటర్ల వేగంతో వెన్నుపాములోకి, మెదడులోకి పోతుంది. కుడిచేతి కబురు ఎడమ మెదడుకు చేరుతుంది. మెదడులో వీపు మొత్తానికి దొరికిన చోటు కన్నా వేళ్లకు దొరికింది చాలా ఎక్కువ. అందుకే రెండు మొనలు 2, 3 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నా వేలికొస రెండని చెప్పగలదు. వీపు మీద అవి సుమారు 4 సెంటీమీటర్లు ఎడంగా ఉండాలి.

పుట్టుకతో పీజో2 పనిచేయని మనుషులు కొద్దిమంది ఉన్నారు. మోగుతున్న శృతిదండాన్ని చర్మానికి ఆనించినా ఆ అదురు వాళ్లకు తెలియదు. కళ్లకు గంతలు కడితే అడుగు తడబడుతుంది, తమ చెయ్యి ఎక్కడుందో కూడా చెప్పలేరు.

(దృశ్యం: మళ్లీ షాపు. అమ్మ చూపు పై అరలోని చీర మీద ఉంది. వేళ్లు మాత్రం చేతిలోని కొంగును నలుపుతూనే ఉన్నాయి.)