హోదాని బట్టే గుర్రాలు: 19వ శతాబ్దపు రష్యా మాటలు

[తెర మీద: మంచు దారి, మూడు గుర్రాలు కట్టిన త్రోయ్కా]

నమస్కారం. రష్యన్ కథల్లో "కాలేజియేట్ అసెసర్" అని రాగానే చాలామంది ఆ మాట దాటేసి ముందుకెళ్లిపోతారు. ఈయనకీ కాలేజీకీ ఏ సంబంధమూ లేదు. పీటర్ చక్రవర్తి కాలంలో ప్రభుత్వ శాఖల్ని "కొలేగియా" అనేవారు, ఆ పేరు ఉద్యోగానికి అంటుకుంది.

1722లో ఆయనే హోదాల పట్టిక పెట్టాడు. మొత్తం 14 మెట్లు, ఒకటోది అన్నిటికన్నా పైది. మన అసెసర్‌ది ఎనిమిదోది, అంటే సైన్యంలో మేజర్‌తో సమానం. దాంతో కొందరు గుమాస్తా దొరలు దర్జాగా "మేజర్" అని పిలిపించుకునేవారు! చట్టం వద్దంటున్నా సరే.

[తెర మీద: తపాలా మజిలీ లోపల, బల్ల మీద సమొవార్, అంటే టీకి నీళ్లు కాచే పాత్ర]

ఈ పట్టిక అసలు పవర్ చూడాలంటే మజిలీకి వెళ్లాలి. గుర్రాలు మార్చుకునే చోటు అది. ప్రయాణికుడు "పదరోజ్నయా" అనే కాగితం చూపించాలి. అందులో హోదా, గమ్యం, ఎన్ని గుర్రాలివ్వాలో ఉంటాయి. చిన్న ఉద్యోగి టీ తాగుతూ కూర్చుంటాడు. ఇంతలో జనరల్ బండి వస్తే గుర్రాలు అటే పోతాయి. తిట్లు మాత్రం మజిలీ అధికారికి. పాపం, ఆయనది 14వ మెట్టు.

పిలుపులోనూ లెక్కే. కింది మెట్ల అధికారిని "వాషె బ్లగరోదియె", అంటే "మీ కులీనత" అని పిలిస్తే చాలు. జనరల్‌ని అలా పిలిస్తే కొంప మునిగినట్టే.

[తెర మీద: సైన్యానికి మనుషుల్ని ఎంచుకునే గది]

సిపాయి మాత్రం ఈ పట్టికలోనే లేడు. శతాబ్దం మొదట్లో సైన్యంలో చేరితే 25 ఏళ్లు. పనికొస్తాడనుకుంటే "లోబ్!" అని కేక, అంటే "నుదురు!" వెంటనే ముందు జుట్టు గొరిగేసేవారు. పనికిరాడంటే తల వెనక గొరిగి ఇంటికి పంపేవారు. ఎంపికైనవాణ్ని ఊరు చావుకి ఏడ్చినట్టే ఏడ్చి సాగనంపేది.

అతని భార్య "సల్దాత్కా", అంటే సిపాయి పెళ్లాం, అయ్యేది. చట్టం ప్రకారం జమీందారు కింద బానిస బతుకు తప్పేది గానీ, చాలాచోట్ల ఊళ్లో నిలవనీడ ఉండేది కాదు. భర్త ఎక్కడో "దెన్షిక్"గా, అంటే అధికారి ఇంటి పనివాడిగా, బూట్లు తుడుస్తూ ఉండవచ్చు.

1874లో చట్టం మారింది. దొరబిడ్డలకీ సైన్యం తప్పలేదు. పదాతిదళంలో ఆరేళ్లు. యూనివర్సిటీ పట్టా ఉన్నవాడికి మాత్రం ఆరు నెలలే.