దినాలు అయిపోయాక

అక్కలకు, చెల్లెళ్లకు, వెనక వరసలో నిలబడ్డ అన్నలకు నమస్కారం.

కష్టాల్లో ఉన్న ఆడవాళ్ల గురించి మాట్లాడమన్నారు. అన్నీ చెప్పాలంటే తెల్లారిపోతుంది. ఒక్క సంగతే చెబుతాను. అప్పుల బాధతో కౌలు రైతు ప్రాణం తీసుకుంటే, వెనక మిగిలిన భార్య గురించి.

దినాలు అయ్యేదాకా ఊరంతా వస్తుంది. ఏడుస్తారు, బియ్యం తెస్తారు. మంచిదే. కానీ అసలు కాగితాలు తయారయ్యేది కూడా ఆ రోజుల్లోనే. ఆమె మూలకు కూర్చుని ఉంటుంది. స్టేషన్‌కు మరిదో, బావగారో పోతాడు. ఫిర్యాదులో కడుపునొప్పి అని రాస్తారు, లేదంటే తాగుడు, ఇంట్లో గొడవ. అప్పు మాటే ఉండదు. రాసింది చదివి వినిపించాలని, ఎఫ్‌ఐఆర్ కాపీ పైసా తీసుకోకుండా ఇవ్వాలని చట్టంలోనే ఉంది. అడిగేవాళ్లేరి? ఆమె గాజులు, బొట్టు తీయించడం మీద మనకున్న పట్టింపులో సగం ఆ కాగితం మీద ఉంటే ఎంత బాగుండు.

2004లో వచ్చిన జీవో 421 ప్రకారం ఇలాంటి కుటుంబానికి 1.5 లక్షల సాయం. తెలంగాణలో 2015లో దాన్ని 6 లక్షలు చేశారు. ముందు తహసీల్దారు, ఎస్సై, వ్యవసాయాధికారి విచారణ చేయాలి. ఆపైన ఆర్డీవో స్థాయిలో ఇంకో కమిటీ చూడాలి. సాగు చేశాడా, అప్పుందా, ఆ అప్పు సాగుకేనా అని అడుగుతారు. పట్టా ఉన్న ఇంటికి కూడా ఇది గండమే. కౌలుదారుకు ఏముంటుంది? కౌలు నోటిమాట, అప్పు తెల్లకాగితం. భూమి గలాయన పట్నంలో ఉంటాడు, రేపు హక్కు అడుగుతారేమోనని సంతకం పెట్టడు. కౌలుదారుకు బ్యాంకు అప్పు పుట్టాలని చేసిన 2011 చట్టం కింద రావాల్సిన రుణ అర్హత కార్డు చూసినవాళ్లు ఈ హాల్లో ఎంతమంది? 2018లో మొదలైన రైతు బీమాలో 5 లక్షలు వస్తాయి, అదీ పట్టాదారుకే.

మరి అతను రైతని చెప్పాల్సింది ఎవరు? ఆ చేన్లో పత్తి ఏరింది మీరు. కలుపు తీసింది మీరు. ట్రాక్టరు కిరాయికి తోలింది మీ ఇంటాయన. మీరు పోయి చెబితే అది సాక్ష్యం. మీరు ఇంట్లో కూర్చుంటే ఆమె చెప్పేది ఒక్కదాని ఏడుపు కిందే పోతుంది.

నేను ఒకామెతో తహసీల్దారు ఆఫీసుకు పోయాను. అంతకుముందు ఆమె ఒక్కతే నాలుగుసార్లు పోయింది. నాలుగుసార్లూ ‘రేపు రా’ అన్నారు. ఐదోసారి పన్నెండు మందిమి పోయాం. కుర్చీలు వేశారు, దరఖాస్తు తీసుకున్నారు, రసీదూ ఇచ్చారు. డబ్బులు వచ్చాయా అంటే రాలేదు. ఫైలు మాత్రం ఆర్డీవో ఆఫీసుకు కదిలింది.

ఇంకో మాట, కోపం రావద్దు. ఆమె గుమ్మం ముందు కూర్చునేది ఫైనాన్స్ వాళ్లు ఒక్కళ్లే కాదు, మన పొదుపు సంఘం వాళ్లు కూడా. ఒకరి వాయిదా ఆగితే అందరికీ బ్యాంకు లోను ఆగుతుందన్న టెన్షన్ నాకు తెలుసు, నేనూ సంఘం మనిషినే. అయినా ఆర్నెల్లు ఆమె వాయిదా పొదుపులోంచి సర్దుతామని తీర్మానం రాసుకోవచ్చు కదా. ఆమె ఏమీ ఎగ్గొట్టి పోదు. ఎక్కడికి పోతుంది?

వితంతు పింఛను, ఇంటి పెద్దదిక్కు పోతే కేంద్రం ఇచ్చే 20 వేలు, ఇవి చిన్నవే. కానీ మరణ ధ్రువపత్రం చేతికి రాగానే పెట్టాల్సిన దరఖాస్తులు. మర్చిపోవద్దు.

ఈ నెల మీ మీ గ్రామ సమాఖ్య, అంటే ఊళ్లో పొదుపు సంఘాలన్నీ కలిసే మీటింగులో, ఊరికి నలుగురి పేర్లు రాయండి. చదువు వచ్చినవాళ్లు ఇద్దరు, నోరున్నవాళ్లు ఇద్దరు. ఇట్లాంటిది జరిగితే మర్నాడే ఆ ఇంటికి పోవాలి. ఎరువుల కొట్టు బిల్లులు, అప్పు కాగితాలు, ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, అన్నీ ఒక కవర్లో పెట్టించాలి. జిరాక్సు తీయించి ఒక సెట్టు సమాఖ్య ఆఫీసులో ఉంచాలి. ఇళ్లల్లో వానకు తడిసిపోయిన కాగితాలు చాలా చూశాను.

ఇక మైకు మీకిస్తున్నాను. ఏ ఊళ్లో ఎవరి ఫైలు ఎక్కడ ఆగిందో చెప్పండి, రాసుకుంటాను.