క్యాట్ పరీక్ష: రాయవలసినవి, వదలవలసినవి

(విజయవాడలో డిగ్రీ, ఇంజనీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ఎంబీఏ ప్రవేశ పరీక్షల గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు, అన్ని పరీక్షల వివరాలూ ఏకరువు పెట్టడం కంటే మన ప్రాంతపు విద్యార్థులను ప్రత్యేకంగా ఇబ్బంది పెడుతున్న ఒక అలవాటు గురించి చెప్పడమే మీకు ఎక్కువ ఉపకరిస్తుందని భావించాను.

విజయవాడలోనో గుంటూరులోనో ఇంటర్మీడియట్ ఎంపీసీ చదివినవారు రెండేళ్లపాటు వారాంతపు పరీక్షల్లో ఒకే మాట వింటారు: సిలబస్ మొత్తం పూర్తి కావాలి, ఒక్క బిట్టు కూడా వదలకూడదు. ఎంసెట్‌లో (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్) తప్పు జవాబుకు మార్కు పోదు కనుక అక్కడ ఆ సలహా సరైనదే. రాష్ట్ర కళాశాలల్లో ఎంబీఏ ప్రవేశానికి 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు రాయవలసిన ఐసెట్‌లోనూ నెగటివ్ మార్కులు లేవు. ఈ అలవాటుతోనే, ఐఐఎంల వంటి సంస్థల్లో ఎంబీఏ ప్రవేశానికి జరిపే క్యాట్‌కు కూర్చున్నవారు మాత్రం దెబ్బతింటారు. అక్కడ రెండు గంటల సమయాన్ని నలభై నిమిషాల చొప్పున మూడు సెక్షన్లకు విడగొడతారు. ఒక సెక్షన్ ముగిశాక వెనక్కి వెళ్లడం కుదరదు. ఒప్పుకు మూడు మార్కులు, ఆప్షన్లున్న ప్రశ్న తప్పితే ఒక మార్కు కోత. 2024లో 68 ప్రశ్నలు ఇచ్చారు. అన్నీ రాయాలని ఎవరూ ఆశించరు. ఇటీవలి సంవత్సరాల్లో మొత్తం మార్కుల్లో సగం కూడా రాకుండానే 99 పర్సంటైల్ తెచ్చుకున్నవారు ఉన్నారు. మీ ఇంట్లో పెద్దలు ‘నూటికి ఎన్ని వచ్చాయి’ అని అడిగితే, పర్సంటైల్ అంటే పరీక్ష రాసినవారిలో నూటికి ఎంతమంది కంటే మీరు ముందున్నారో చెప్పే అంకె అని ఓపికగా వివరించండి.

గుడ్డిగా జవాబు పెట్టవచ్చా అని చాలామంది అడుగుతారు. నాలుగు ఆప్షన్లున్న ప్రశ్నలకు అలా పెడితే, సగటున నాలుగింటిలో ఒకదానికి మూడు మార్కులు వచ్చి, మిగిలిన మూడింటికి ఒక్కొక్కటి పోయి, చివరికి మిగిలేది సున్నా. ఒక ఆప్షన్ కచ్చితంగా తప్పని తేల్చగలిగితే మాత్రం సగటు లాభం వైపు మొగ్గుతుంది. ఆప్షన్లు లేకుండా జవాబు టైపు చేయవలసిన ప్రశ్నలకు కోత లేదు కనుక వాటిని ఖాళీగా వదలడంలో అర్థం లేదు.

ఏ ప్రశ్నలు రాయాలో ఎంచుకునే సామర్థ్యం అన్నిటికంటే ఎక్కువగా తేలేది డీఐఎల్ఆర్ (డేటా ఇంటర్‌ప్రిటేషన్, లాజికల్ రీజనింగ్) సెక్షన్‌లో. ఒకే సమాచారం మీద కొన్ని ప్రశ్నల చొప్పున నాలుగైదు సెట్లు ఉంటాయి. అన్నీ ఒకే స్థాయిలో ఉండవు. మొదటి సెట్ మొదట కనిపించింది కాబట్టి దానితోనే మొదలుపెట్టి, పదిహేను నిమిషాలు పోయాక కూడా ‘ఇంత కష్టపడ్డాను, ఇప్పుడెలా వదలను’ అని పట్టుకు వేలాడేవారే ఎక్కువ. పోయిన సమయం ఎలాగూ పోయింది, మిగిలిన నిమిషాలను ఎక్కడ పెట్టాలన్నదే అప్పుడు ఆలోచించవలసిన విషయం. మొదటి నాలుగైదు నిమిషాలు అన్ని సెట్లూ చదవడానికే కేటాయించి, షరతులు స్పష్టంగా ఉన్న రెండింటిని ఎంచుకునే సాధన చేయండి.

ఈ సాధనకు మాక్ టెస్టులే ఆధారం, కానీ వాటి ఫలం పరీక్ష రాయడంలో కంటే ఆ తర్వాతి సమీక్షలో ఉంది. స్కోరు చూసి, కీ తిరగేసి, మర్నాడు మరో మాక్ రాసేవారికి అదే పొరపాటు మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. పరిష్కారం చూడకముందే, తప్పినవాటినీ వదిలినవాటినీ సమయం లెక్క చూసుకోకుండా మరోసారి చేయండి. అప్పుడు కూడా రాకపోతే అది పాఠం లోపం, ఆ అధ్యాయానికి వెళ్లాలి. తీరిగ్గా చేస్తే వచ్చిందంటే తొందర లోపం. ఇక తేలిగ్గా చేయగలిగీ అసలు చూడని ప్రశ్నలున్నాయే, అవి ఎంపిక లోపం; వాటిని విడిగా ఒక నోటుపుస్తకంలో రాసుకోండి, ఎందుకంటే స్కోరు కార్డులో అవి కనిపించవు. రెండు గంటల మాక్‌కు కనీసం నాలుగు గంటల సమీక్ష అవసరమని నా అభిప్రాయం. అంత తీరిక లేనివారు మాక్‌ల సంఖ్య తగ్గించుకోవాలి.

వర్బల్ సెక్షన్‌కు అడ్డదారి లేదు. ఇంటర్ దాకా ఇంగ్లీషును మార్కుల కోసమే చదివినవారికి తత్వశాస్త్రం, జీవావరణం, చరిత్ర మీద వచ్చే పాసేజీలు కొత్తగా తోస్తాయి. రోజూ ఒక గంట, మీకు పరిచయం లేని విషయం మీద పెద్ద వ్యాసం చదివి, రచయిత వాదాన్ని రెండు వాక్యాల్లో, తెలుగులోనైనా సరే, సొంతంగా రాయండి. మన నగరంలో ఠాగూర్ గ్రంథాలయం వంటివి ఉండగా ఇందుకు ఖర్చు కూడా అక్కరలేదు.

ఎక్కువగా విదేశాల్లో ఎంబీఏ ప్రవేశానికి రాసే జీమ్యాట్‌కు కూర్చోదలచినవారికి ఒక హెచ్చరిక: అక్కడ ప్రశ్నకు జవాబివ్వకుండా ముందుకు సాగనివ్వరు, కనుక ఇంతవరకు చెప్పిన వదిలివేత అలాగే పనికిరాదు. సెక్షన్ చివర మూడు జవాబుల వరకు మార్చుకోవచ్చు; సమయం తినే ప్రశ్నకు ఉన్నంతలో మంచి జవాబు పెట్టి, గుర్తు వేసుకుని, ముందుకు సాగడం సాధన చేయాలి.

క్యాట్ అడ్మిట్ కార్డు వచ్చాక మీ స్లాటు ఉదయమో, మధ్యాహ్నమో, సాయంత్రమో తెలుస్తుంది. అప్పటినుంచి మిగిలిన మాక్‌లన్నీ సరిగ్గా ఆ వేళకే రాయండి. చివరి వారంలో కొత్త అధ్యాయం ఏదీ మొదలుపెట్టకుండా, ఎంపిక లోపాల నోటుపుస్తకాన్ని మాత్రమే తిరగేయండి. ఇప్పుడు మీ సందేహాలు అడగండి.