అమ్మానాన్నలతో యూటా ఐదు పార్కుల రోడ్ ట్రిప్: పాసు, నీళ్లు, రూటు | పూర్తి రివ్యూ

నమస్కారమండీ. తిరుపతి, చిత్తూరు నుంచి పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలకి, వాళ్లని కార్లో తిప్పే ఆ పిల్లలకి ఈ వీడియో. రూటు ఇదీ: లాస్ వేగస్‌లో దిగి జయాన్, బ్రైస్ కాన్యన్, కాపిటల్ రీఫ్, ఆర్చెస్, కాన్యన్‌ల్యాండ్స్. ఐదూ యూటా రాష్ట్రంలోని నేషనల్ పార్కులే. పదికి ఎనిమిది మార్కులు వేస్తాం, అదీ ఏప్రిల్-మే లేదా సెప్టెంబరు-అక్టోబరులో వెళ్తేనే. జులైలో అయితే నాలుగే.

ముందు డబ్బు సంగతి. 2026 నుంచి లెక్క మారింది. జయాన్, బ్రైస్‌తో కలిపి 11 పార్కుల్లో, అమెరికాలో నివాసం లేని, 16 ఏళ్లు నిండినవాళ్లకి మామూలు టికెట్ మీద తలా 100 డాలర్లు అదనం. ఇద్దరికీ రెండు పార్కులకే 400 అయిపోయింది! దాని బదులు నాన్-రెసిడెంట్ యాన్యువల్ పాస్, అంటే ఏడాది పాసు, 250 డాలర్లు. ఒక పాసు మీద ఎంతమందిని వదులుతారో పార్క్ సర్వీస్ సైట్‌లో చూసుకుని, బయల్దేరక ముందే కొనేయండి.

వేగస్ నుంచి జయాన్ 160 మైళ్లు. యూటాలోకి రాగానే గడియారం గంట ముందుకి పోతుంది, హోటల్ చెక్-ఇన్ ఆ లెక్కన చూసుకోండి. మార్చి నుంచి నవంబరు దాకా లోపలి సీనిక్ డ్రైవ్‌లోకి సొంత కార్లు వదలరు. తిరుమల కొండమీద ధర్మరథం ఎక్కినట్టే, ఉచిత షటిల్ బస్సు ఎక్కాలి. ఏంజెల్స్ ల్యాండింగ్ అనే నిటారు కొండ ఎక్కడానికి 2022 నుంచి పర్మిట్ కావాలి, అది లాటరీలో తగలాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దాన్ని మర్చిపోయి రివర్‌సైడ్ వాక్‌కి వెళ్లండి, చదునైన సిమెంటు దారి. అది అయిపోయిన చోట నారోస్ అనే ఇరుకు లోయ మొదలవుతుంది, అక్కడ నదిలోనే నడక. పైన ఎక్కడో వాన పడితే బండరాయి నీళ్లు పీల్చదు కాబట్టి అంతా ఒక్కసారిగా కిందికి దూకుతుంది. మీ నెత్తిన ఆకాశం నీలంగానే ఉంటుంది, అదే ప్రమాదం. ఆ రోజు వరద హెచ్చరిక చూడకుండా నీళ్లలో కాలు పెట్టొద్దు.

బ్రైస్ 8000 అడుగుల పైనే. మేలో కూడా రాత్రి స్వెటరు కావాలి. ఆ రాతి స్తంభాలని హూడూలు అంటారు. పగుళ్లలో దిగిన నీరు రాత్రి గడ్డకట్టి ఉబ్బుతుంది, పగలు కరుగుతుంది, అలా రాయిని చీలుస్తూ పోతుంది. క్వీన్స్ గార్డెన్–నవాహో లూప్ దాదాపు మూడు మైళ్లు. దిగడం సుఖమే, ఎక్కేటప్పుడు ఆయాసం తెలుస్తుంది. పెద్దవాళ్లకి సన్‌రైజ్ పాయింట్ నుంచి సన్‌సెట్ పాయింట్ దాకా అంచు మీది దారి చాలు.

అక్కణ్నుంచి హైవే 12 పట్టుకోండి. మ్యాప్ వేరే దారి చూపించినా వినొద్దు. ఈ ట్రిప్‌లో సగం మార్కులు ఈ రోడ్డుకే. హాగ్‌బ్యాక్ అనే చోట రెండుపక్కలా లోయే. జింకలు, ఆవులు అడ్డం వస్తాయి కాబట్టి చీకటి పడకముందే దాటేయండి. కాపిటల్ రీఫ్‌లో ఫ్రూటా పండ్లతోటల దగ్గర ఒక పూట ఆగితే సరిపోతుంది. తర్వాత హ్యాంక్స్‌విల్‌లో ట్యాంకు నింపుకోండి, ఆర్చెస్ పక్కనున్న మోయబ్ ఊరికి వెళ్లే దారిలో బంకులు తక్కువ.

ఇక ఆర్చెస్. తిరుమల శిలాతోరణం వెడల్పు సుమారు 8 మీటర్లు. ఇక్కడి ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ ఏకంగా 93 మీటర్లు! మనది గట్టి క్వార్ట్‌జైట్, అక్కడిది మెత్తటి ఇసుకరాయి. కింద ఉన్న ఉప్పు పొర కదిలి పైరాయి నిలువుగా బీటలు వేసింది, మిగిలింది నీరు, మంచు చెక్కేశాయి. 1991లో ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ నుంచి పెద్ద రాతిపలక ఊడిపడింది, అప్పట్నుంచి దాని కిందికి ఎవర్నీ వదలరు. డెలికేట్ ఆర్చ్‌కి రానూపోనూ మూడు మైళ్లు, దారిలో నీడే లేదు. సాయంత్రం వెళ్లండి, టార్చి పెట్టుకోండి. దారి పక్కన నల్లగా, గరుకుగా కనిపించే మట్టిని తొక్కొద్దు. అది ప్రాణమున్న పొర, మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది.

నీళ్లు మనిషికి రోజుకి నాలుగు లీటర్లు. మన ఎండలో చొక్కా తడుస్తుంది, అక్కడ చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది, ఒంట్లో నీళ్లు పోతున్నట్టే తెలీదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇక్కణ్నుంచే పట్టుకెళ్లండి.

కాన్యన్‌ల్యాండ్స్‌లో టైమ్ లేకపోతే ఐలాండ్ ఇన్ ద స్కై అనే భాగం ఒక్కటి చాలు, తెల్లారేసరికి మీసా ఆర్చ్ దగ్గర ఉండండి. లోపల పెట్రోలు, తిండి దొరకవు.

మోయబ్ నుంచి మళ్లీ వేగస్ దాకా నడపొద్దు, 450 మైళ్ల పైమాటే. సాల్ట్ లేక్ సిటీ నాలుగు గంటలు, ఫ్లైటు అక్కణ్నుంచి బుక్ చేయండి. వేరే ఊళ్లో కారు అప్పజెప్తే డ్రాప్ చార్జీ వేస్తారు, అదెంతో బుకింగ్ అప్పుడే అడగండి.