50 పౌండ్ల లాంగ్‌బోను 40కి దించడం: ఒక్క మిల్లీమీటరు పని

(దృశ్యం: బల్ల మీద చెక్క లాంగ్‌బో. లింబ్ మధ్యలో వెర్నియర్ కాలిపర్. తెర మీద: 14 మి.మీ.)

ఈ విల్లు లాగుడు బరువు, అంటే నారిని పూర్తిగా లాగడానికి కావాల్సిన బలం, 50 పౌండ్లు. కిలోల్లో దాదాపు 22.7. దీన్ని 40 పౌండ్లకు, అంటే దాదాపు 18 కిలోలకు దించాలి. పిడికి అటూ ఇటూ వంగే భాగాన్ని లింబ్ అంటారు. దాని మధ్యలో మందం 14 మిల్లీమీటర్లు ఉంది. ఇందులోంచి తీయాల్సిన చెక్క ఒక్క మిల్లీమీటరు. రెండు మిల్లీమీటర్లు తీశారంటే విల్లు 31 పౌండ్ల దగ్గరికి పడిపోతుంది. తీసిన చెక్కను మళ్లీ పెట్టలేం.

(తెర మీద: 13/14 × 13/14 × 13/14 = 0.80)

చెక్క బిగువు దాని మందాన్ని మూడుసార్లు హెచ్చవేసిన లెక్కలో మారుతుంది. మందం 7 శాతం తగ్గితే బిగువు 20 శాతం పోతుంది. వెడల్పు సంగతి వేరు. 30 మిల్లీమీటర్ల వెడల్పును 24 చేస్తేగానీ అదే 20 శాతం తగ్గదు. అందుకే ఈ పనిలో రందకు, బాడిసకు చోటు లేదు. స్క్రేపర్ అనే పలుచని ఉక్కు రేకు, ఒక ఆకురాయి, 180 నంబరు గరుకు కాగితం, పెన్సిల్, వేలాడదీసే లగేజీ కాటా చాలు.

విల్లు ముట్టుకునే ముందు ఒక ప్రశ్న. మీరు నిజంగా 50 పౌండ్లు లాగుతున్నారా?

విల్లు మీద రాసే బరువు మామూలుగా 28 అంగుళాలు లాగినప్పటిది. మీ చేతులు రెండూ చాచి, ఈ మధ్యవేలి కొస నుంచి ఆ మధ్యవేలి కొస దాకా కొలిచి, 2.5తో భాగించండి. 65 అంగుళాలు వస్తే మీ లాగుడు 26 అంగుళాలు. ఇలాంటి లాంగ్‌బోలో చివరి అంగుళాలు ఒక్కొక్కటి రెండు నుంచి మూడు పౌండ్ల బరువు చేస్తాయి. అంటే మీ వేళ్ల మీద పడుతున్నది 45 పౌండ్లే. మీకు తగ్గాల్సింది 10 కాదు, 5. అలాంటప్పుడు అర మిల్లీమీటరు పనితో సరిపోతుంది. కాటాను నారికి తగిలించి, మీ లాగుడు దగ్గర ఎంత చూపిస్తుందో కాగితం మీద రాసుకున్నాకే రేకు పట్టండి.

(దృశ్యం: సిరొంచ దగ్గర ప్రాణహిత ఒడ్డు. ముందు మే నెల ఎండ, తర్వాత ఆగస్టు వాన.)

ఇప్పుడు కాలం సంగతి. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో సిరొంచ, అంకీస, అసరల్లి వైపు ఉన్నవాళ్లు దీన్ని బాగా పట్టించుకోవాలి. చెక్క గాలిలోని తేమను పీలుస్తుంది, వదులుతుంది. గాలిలో తేమ 50 శాతం ఉన్నచోట చాలా రోజులు ఉంటే చెక్కలో తేమ 9 శాతం దగ్గర నిలుస్తుంది. 80 శాతం గాలిలో అదే 16 దాకా పోతుంది. మే నెల వడగాడ్పుల్లో 5కు దిగుతుంది. విల్లుకు నచ్చేది 8 నుంచి 10. తేమ ఎక్కువైతే చెక్క మెత్తబడి, వంచినప్పుడల్లా కొంచెం వంపు దానిలోనే మిగిలిపోతుంది. దీన్ని సెట్ అంటారు. మరీ ఎండితే వీపు వైపు పీచు పెళుసెక్కి తెగుతుంది.

వానాకాలంలో 40 చూసుకుని ఆపిన విల్లు చలికాలంలో రెండు మూడు పౌండ్లు గట్టిపడొచ్చు. అది పెద్ద నష్టం కాదు. తేమ పట్టిన చెక్కను పదేపదే వంచడం వల్ల వచ్చే సెట్ అసలు నష్టం, అది పోదు. కాబట్టి ఈ పని నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల పెట్టుకోండి. విల్లును వంటింటి కాటా మీద వారానికోసారి తూచండి. 550 గ్రాముల విల్లులో 5 గ్రాముల తేడా అంటే దాదాపు ఒక శాతం తేమ. రెండు మూడు వారాలు బరువు కదలకుండా ఉంటే చెక్క నిలకడకు వచ్చినట్టు.

(దృశ్యం: విల్లు రెండు ముఖాలు దగ్గరగా.)

బాణం వేసేటప్పుడు గురి వైపు ఉండే ముఖం వీపు. మన వైపు ఉండేది పొట్ట. గీకుడంతా పొట్ట వైపే. వీపు మీద చెట్టు వార్షిక వలయం ఒకటి పిడి నుంచి కొన దాకా తెగకుండా సాగుతుంది. లాగినప్పుడు సాగే బలమంతా దాని మీదే పడుతుంది. అక్కడ ఒక గాటు పడినా పీచు లేచి, అక్కడి నుంచే విరుగుతుంది. వీపు మీద పాలిష్ కూడా గీకొద్దు. వీపుకు వెదురు బద్ద అతికించిన విల్లయినా మాట ఇదే, వెదురు బలం పైచర్మాన్ని ఆనుకున్న పీచులో ఉంటుంది. మాడియా గోండు ఊళ్లలో చేసే వెదురు విల్లుకు మాత్రం ఈ లెక్కలు వర్తింపజేయకండి. దాని కొలతలు, దాని నారి, దాన్ని సరిచేసే తీరు అన్నీ వేరు, వాటిని చేసేవాళ్ల దగ్గరే నేర్చుకోవాలి.

మొదలుపెట్టే ముందు, నారి లేకుండా విల్లు వీపును చదునైన గోడకు ఆనించి, కొనల దగ్గర సందు ఎంతో రాసుకోండి, చివర్లో పోల్చాలి. తర్వాత విల్లును వెలుతురులో తిప్పి చూడండి. వీపు మీద అడ్డంగా చీలిక ఉంటే ఇక దాన్ని వంచొద్దు, గోడకు తగిలించుకోవడమే. నిలువుగా పీచు వెంట సాగే సన్నని ఎండు బీట పైపైనే ఉండి, వీపు మీద ఒక అంచు నుంచి మరో అంచుకు దాటకపోతే మామూలుగా ప్రమాదం లేదు.

(దృశ్యం: సున్నం వేసిన గోడ. దాని మీద రెండేసి అంగుళాలకు సుద్దతో అడ్డగీతలు. పిడి పట్టే కొయ్య, కింద నేల దగ్గర బావి గిలక, తాడు.)

గోడకు గట్టి కొయ్య బిగించి విల్లు పిడిని దాని మీద ఆనించండి. నారికి కొక్కెం, కొక్కేనికి కాటా, కాటాకు తాడు. తాడు గిలక కింద నుంచి తిరిగి మీ చేతికి రావాలి. మీరు కనీసం మూడు మీటర్ల దూరంలో, పక్కకు నిలబడాలి. కళ్లద్దాలు తప్పనిసరి. 40 పౌండ్ల విల్లు విరిగితే ముక్క ఏ వైపు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. ఫోన్‌ను స్టాండు మీద సరిగ్గా ఎదురుగా పెట్టి, ప్రతి విడత తర్వాత ఒక ఫొటో తీయండి. సుద్దగీతల మీద రెండు లింబ్‌ల వంపు ఎక్కడ తేడా ఉందో ఫొటోలో తేలిగ్గా దొరుకుతుంది. పనిలో కుదిరిన కంటికి ఆ తేడా ఆనదు.

ఇక గీకుడు. పొట్ట మొత్తం పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు పెట్టండి. స్క్రేపర్‌ను పిడి నుంచి కొనకు పొడవుగా లాగుతూ, ఆ గీతలన్నీ పోయేదాకా మాత్రమే గీకండి. అది ఒక విడత. రెండో లింబ్‌కూ అంతే. తర్వాత నారి కట్టి, సగం దూరం 20 సార్లు లాగి వదలండి. ఇక్కడ వదలడం అంటే తాడు పట్టుకుని మెల్లగా వెనక్కి పోనివ్వడం. చెక్కలో మార్పు ఈ వంపుల తర్వాతే బయటపడుతుంది. అప్పుడు కాటా చూడండి. మళ్లీ పెన్సిల్, మళ్లీ ఒక విడత. మొదటి రెండు విడతల్లో ముల్లు కదలకపోతే కంగారుపడి రేకును గట్టిగా నొక్కేవాళ్లు ఎక్కువ. విల్లు పాడయ్యేది అక్కడే.

కాలిపర్ కొలతలు కూడా రాసుకోండి. పిడి దాటిన దగ్గర నుంచి ప్రతి 10 సెంటీమీటర్లకు ఒకటి. 14 ఉన్నచోట 1 మిల్లీమీటరు పోవాలి, 10 ఉన్నచోట 0.7. అంతటా ఒకే 1 మిల్లీమీటరు తీస్తే కొనలు ఎక్కువ మెత్తబడి, వంపంతా అక్కడికే చేరుతుంది.

కాటా 43 పౌండ్లు చూపగానే ఆపేయండి. గరుకు కాగితం పట్టడం, మొదటి వంద బాణాలు కలిసి మిగతా రెండు మూడు పౌండ్లు తినేస్తాయి.

(దృశ్యం: 15 సెం.మీ. చదును చెక్కముక్క, నడుమ బెజ్జంలో పెన్సిల్.)

ఒకే చోట వంపు పోగయ్యే లోపాన్ని హింజ్ అంటారు. దాన్ని పట్టడానికి ఈ ముక్క సాయం. నారి కట్టిన విల్లు పొట్ట మీద ముక్కను జరుపుతూ, ఎక్కడ నడుమ సందు ఎక్కువ ఉందో చూసి, పెన్సిల్ మొన అక్కడ చెక్కకు తగిలీ తగలనట్టు బిగించండి. ఇప్పుడు లింబ్ పొడవునా జరపండి. పెన్సిల్ గీత పడిన చోట్లన్నీ ఇంకా గట్టిగా ఉన్నవి. గీకాల్సింది వాటినే. మెత్తబడిన చోటును మళ్లీ ముట్టుకోకూడదు. హింజ్ బాగా ముదిరితే మిగతా విల్లును దాని స్థాయికి దించాలి, 40 అనుకున్నది 36 అవుతుంది. 36తోనే సర్దుకోండి. బరువు కోసం హింజ్‌ను వదిలేస్తే అక్కడ పొట్ట వైపు చెక్క నలిగి, అడ్డంగా వెంట్రుకల్లాంటి సన్నని గీతలు లేస్తాయి. అవి మానవు. చుట్టూ చెక్క తగ్గించి ఆ చోటి మీద భారం తప్పించగలం, అంతే.

వీపు మీద పీచు లేచిందా? వెంటనే ఆపండి. పీచు కిందికి పలుచని సూపర్ గ్లూ పాకించి, నొక్కి ఆరనిచ్చి, దాని మీద నైలాన్ దారం వరసగా బిగించి చుట్టండి. లేచిన చోటుకు రెండు వైపులా మూడేసి సెంటీమీటర్లు దాటాలి. దారం మీద మళ్లీ జిగురు.

నారి పిడి నడుమ నుంచి పక్కకు జరుగుతుంటే లింబ్‌ను గీకేముందు కొనల దగ్గరి గాడులు చూడండి. చాలాసార్లు ఒకవైపు గాడి లోతు తక్కువై ఉంటుంది. ఆకురాయితో రెండు రుద్దులు చాలు.

ఒక వేలు బాణం పైన, రెండు వేళ్లు కింద పెట్టి లాగేవాళ్లకు కింది లింబ్ కొంచెం గట్టిగా ఉండాలి. నారి కట్టి, పిడి అంచుల దగ్గర నారికి, పొట్టకు మధ్య దూరం కొలిస్తే పైన 3 నుంచి 6 మిల్లీమీటర్లు ఎక్కువ రావాలి. మూడు వేళ్లూ బాణం కిందే పెట్టేవాళ్లకు రెండూ దాదాపు సమానం.

(తెర మీద: నారి)

నారికి డాక్రాన్ బీ-50 దారం వాడండి. 40 పౌండ్లకు 12 పోగులు. సాగని ఫాస్ట్‌ఫ్లైట్ రకం దారాలు కొనలు గట్టి చేయని చెక్క విల్లు గాడులను చీలుస్తాయి. నారికి, పిడికి మధ్య 6 నుంచి 7 అంగుళాలు ఉండాలి. తక్కువైతే నారికి పురి పెంచండి.

బాణాల దగ్గరే చాలామంది తికమక పడతారు. 50 పౌండ్లకు సరిపోయిన బాణం 40కి మరీ బిర్రు. కుడిచేత్తో లాగేవాళ్లకు అది ఎడమకు పోతుంది. తప్పు గురిలో ఉందనుకుని చెయ్యి మార్చుకోవద్దు. బాణం బిర్రు, అంటే స్పైన్, ఇంట్లోనే కొలవొచ్చు. 26 అంగుళాల దూరంలో రెండు ఆనికలు, వాటి మీద కర్ర, నడుమ 907 గ్రాముల బరువు. కర్ర ఎన్ని అంగుళాలు కుంగిందో చూసి 26ను దాంతో భాగించండి. 0.52 అంగుళాలు కుంగితే 50 పౌండ్ల స్పైన్, 0.65 అయితే 40. పాత బాణాలు వదులుకోలేకపోతే 100 గ్రెయిన్ల (దాదాపు 6.5 గ్రాముల) ములికి తీసి 125 గ్రెయిన్లది (దాదాపు 8 గ్రాములది) పెట్టి చూడండి, బాణం కొంత మెత్తగా నడుస్తుంది. బంగారం కొట్టు కాటా మీద మొత్తం బాణం 26 గ్రాముల దగ్గర ఉంటే 40 పౌండ్ల చెక్క విల్లుకు హాయి. మరీ తేలిక బాణం వేస్తే ఆ బలం బాణానికి పోకుండా లింబ్‌లకే తగులుతుంది. బాణం లేకుండా నారి వదిలితే పూర్తిగా అంతే, విల్లు అక్కడికక్కడే పగలొచ్చు.

గీకిన పొట్టను ఆ రోజే మూసేయండి. తేమను ఆపడంలో లక్క పాలిష్ అవిసె నూనె కన్నా చాలా మేలు. నూనే వాడితే, తుడిచిన గుడ్డను ముద్దగా పడేయకండి, దానంతట అదే అంటుకుంటుంది. విప్పి, బయట పరిచి ఆరేయండి.

చప్రాల అభయారణ్యం దగ్గరివాళ్లకు ఒక మాట. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం విల్లంబులనూ ఆయుధాలుగానే లెక్కిస్తుంది. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి విల్లు పట్టుకుపోవడం నేరం. ఊరి పొలంలో, వెనక మట్టికట్ట ఉన్నచోట సాధన చేయండి.

మొదటి వంద బాణాల తర్వాత నారి విప్పి, విల్లు వీపును చదునైన గోడకు ఆనించి, కొనల దగ్గర సందు కొలవండి. పని మొదలుకాక ముందు కొలత కన్నా ఒక అంగుళం లోపు తేడా ఉంటే విల్లు బాగానే ఉంది. అంతకు మించితే ఒక నెల నారి కట్టకుండా, అడ్డంగా రెండు మేకుల మీద ఆరనిచ్చి మళ్లీ తూచండి.